తోమాసు చెయ్యని ప్రమాణం

టిఫిన్ డబ్బా మూత తీసి చూసింది సుసన్న. తెల్లవారుజామున కట్టిన అన్నం కట్టినట్లే ఉంది. మీద పెట్టిన మామిడికాయ తొక్కు కూడా కదల్లేదు.

"తినలేదా?"

తోమాసు బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. ఫస్టు షిఫ్టుకు పోయిన మనిషి మధ్యాహ్నం మూడు దాటితే గాని సెంటినరీ కాలనీలో తన క్వార్టర్ మొహం చూడడు. ఇప్పుడింకా పొద్దు ఎక్కనే లేదు.

"ఏమన్నరు బాయి మీద?"

"ఇంటికి పొమ్మన్నరు. సెకండు షిఫ్టుకు రమ్మన్నరు."

"లాంప్ రూముకేనా?"

తోమాసు వంగి బూటు తాడు పట్టుకున్నాడు. విప్పలేదు, వదల్లేదు.

"నిన్నే అడుగుతున్న. లాంప్ రూముకేనా?"

"కిందికి."

సుసన్న డబ్బా మూత పెట్టబోయింది. అది పట్టలేదు. మళ్లీ పెట్టింది.

బొగ్గుబాయి ఇళ్లలో మీద, కింద అనే మాటలకు వేరే అర్థం చెప్పనక్కర్లేదు. మీద అంటే లాంప్ రూము కిటికీ వెనుక కూర్చుని, దిగేవాళ్ల చేతికి టోపీ దీపాలు అందించడం. కింద అంటే ఇంక్లైన్ అనే ఏటవాలు సొరంగం వెంట చీకట్లోకి నడిచిపోవడం, షిఫ్టు అయ్యాక ఆ ఎత్తంతా మళ్లీ ఎక్కి రావడం. దిగడానికి తోమాసుకు ఏ ఇబ్బందీ లేదు. ఎక్కడమే ఆయన వల్ల కాదు. పోయిన ఎండాకాలం సగం ఎక్కి కూర్చుండిపోయాడు. పెదాలు నీలంగా మారితే పక్క క్వార్టర్ సదయ్య, మరో నలుగురు మోసుకొచ్చి దవాఖానలో వేశారు. ఊపిరితిత్తులు చూసిన డాక్టరు, ఈ మనిషిని మళ్లీ కిందికి పంపితే తన పూచీ లేదన్నాడు.

డాక్టరు అన్నాడు సరే, వినేదెవరు? నెలలు గడిచినా తోమాసు కిందికే పోయాడు. చివరికి ఆగయ్య ఒక్క ఫోను కొడితే మర్నాడే లాంప్ రూముకు మార్చారు. ఆగయ్య ఆ బాయికి కార్మిక సంఘం కార్యదర్శి. ఎవరిని ఎక్కడ వెయ్యాలో రాసేది ఆఫీసరే, కాని ఆఫీసరు చెవికి దగ్గరగా ఉండేది ఆగయ్య నోరు. ఆ నోరే అప్పుడు తోమాసుతో ఒక మాట కూడా అన్నది. "ఓటు మనకే, యాదుంచుకో అన్నా."

"ఏం నాటకమాడిచ్చినవే తల్లీ!" సుసన్న లోపలి గది వైపు తిరిగింది. "ఇంగ్లండోళ్ల ఓట్లు మనకెందుకే? మన ఓట్ల పంచాది మనకు సాల్తలేదా?"

గ్లోరియా గడప మీద నిలబడి ఉంది. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే అమ్మాయి. నిన్నటి దాకా ఆమెకు భయమంటే పాఠంలో చెప్పే మాట.

"అమ్మా, నేను అనుకున్ననా గిట్లైతదని?"

"నువ్వేమనుకుంటవ్! నువ్వు సదువుకున్నదానివి."

నిజానికి గ్లోరియా తలపెట్టింది మంచి పనే. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఓటు ఎలా వేసేవారో పిల్లలకు చెబితే ఎవడూ వినలేదు. పదిమంది ఓటర్లు కూడా లేని పాడుదిబ్బ పార్లమెంటుకు ఇద్దరిని పంపేదంటే నవ్వి ఊరుకున్నారు. సరే, ఆడి చూపిద్దామనుకుంది. కాలేజీ మైదానంలో బల్లలు చేర్చి అరుగు కట్టించింది. దాన్ని అక్కడివాళ్లు హస్టింగ్స్ అనేవాళ్లు. ఓటరు దాని మీదికెక్కి, తన ఓటు ఎవరికో ఊరంతా వినేటట్లు నోటితో చెప్పాలి. ఎదురుగా భూస్వామి ప్రభువు గుర్రం మీద కూర్చుని వింటుంటాడు. పిల్లలు ప్రభువు, అభ్యర్థులు అయ్యారు. ఓటర్లు చాలక తల్లిదండ్రులను పిలిచింది. తోమాసుకు రొట్టెలు కాల్చే జాన్ వేషం పడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎదుటి పక్షం అడిగితే ఓటరు బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం కూడా చెయ్యాలి. రిహార్సళ్లలో నల్ల కాగితం చుట్టిన డిక్షనరీతో పని జరిపారు. తీరా నిన్న నాటకం నాడు గ్లోరియాకు బుద్ధి పుట్టింది. అక్కడ వాడింది నిజం బైబిలు గదా, మనకు మాత్రం దొంగ పుస్తకమెందుకని ఇంట్లో బైబిలు సంచిలో పెట్టుకుపోయింది. చరిత్ర పొల్లుపోకూడదట. పంతులమ్మ పట్టుదల!

మిగతావాళ్లంతా నవ్వుకుంటూ చెయ్యి పెట్టి, నవ్వుకుంటూ చదివారు. "ఈ ఓటుకు బదులుగా డబ్బు గాని, కొలువు గాని, బహుమానం గాని పుచ్చుకోలేదు, దేవుడే నాకు సాక్షి." తోమాసు వంతు వచ్చింది. చెయ్యి పెట్టాడు. నోరు రాలేదు. కింద ఎవరో ఈల వేశారు. ఆయన చెయ్యి తీసి, మైకులో అందరికీ వినపడేటట్లు అన్నాడు.

"నేను పుచ్చుకున్న. ఆగన్న నాకు లాంప్ రూం కొలువిప్పిచ్చి ఓటడిగిండు. ఈ మాట నేనెట్ల చదవాలె?"

నాటకంలో అబద్ధమాడినా బైబిలు మీద అబద్ధమే అనుకునే మనిషి ఈ కాలంలో ఇంకా ఉన్నాడని ఎవరికి తెలుసు? కన్న కూతురికే తెలియలేదు. సంఘం ఎన్నికలు వారంలో ఉన్నాయి. సాయంత్రానికి ఎవరో ఫోనులో తీసిన వీడియో కమాన్‌పూర్ దాకా పాకింది. నోరా వీపుకు చేటు తేకే అని ఊరికే అన్నారా పెద్దలు.

తలుపు దబదబ మోగింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సుసన్నక్కా! నేనే, ఓదమ్మను."

సదయ్య భార్య. తలుపు తీస్తే లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడింది. రోజూ వచ్చి పీట లాక్కుని కూర్చునే మనిషి.

"మా ఆయనను గూడ కిందికే రాసిన్రక్కా. స్టోరు నుంచి తీసేసిన్రు. ఆయన నడుం సంగతి నీకు తెల్వదా? రెండు కడ్డీలేసి నిలబెట్టిన్రు."

"అయ్యో ఓదమ్మా..."

"అయ్యో అంటె ఏమొస్తదక్కా? మీ ఆయన మీ ఒక్కళ్ల సంగతి చెప్పలే. మీద పని చేసేటోళ్లందరి సంగతి చెప్పిండు. ఎవ్వలకు ఎందుకిచ్చిన్రని మందిల లేసింది. ఇగ ఆఫీసర్లు భయపడి అందర్ని దించుతున్నరు." ఓదమ్మ కళ్లు తుడుచుకుంది. తోమాసు వైపు చూసింది. "అన్నా, పైన దేవునికి నువ్వు జవాబు చెప్పుకున్నవ్ మంచిగనే. మేమెవ్వలకు చెప్పుకోవాలె?"

ఓదమ్మ ఇంకో మాట అనకుండా వెళ్లిపోయింది. తిట్టి పోయినా బాగుండేదనిపించింది గ్లోరియాకు.

కాలేజీ నుంచి ఫోను వచ్చింది. ఈ వారం రావద్దన్నారు. గ్లోరియా సరే సార్ అని పెట్టేసింది. ఏమన్నారని తల్లి అడగలేదు. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఎండ వాకిట్లోకి వచ్చేసరికి ఆగయ్యే వచ్చాడు. ఒక్కడే. కేకలు లేవు, వెంట మనుషులు లేరు. చెప్పులు బయట విడిచి, సొంత ఇంట్లోకి వచ్చినట్లు లోపలికొచ్చి కూర్చున్నాడు.

"సుసన్నక్కా, జర చాయ్ పొయ్యరాదు. చక్కెర తక్కువెయ్యి, షుగరొచ్చి సస్తున్న."

సుసన్న పరుగెత్తినట్లు వంటింట్లోకి పోయింది. ఈ మనిషి కోపంగా వస్తాడని ఆమె ఎదురుచూసింది. నవ్వుతూ వచ్చేసరికి ఆమెకు ఉన్న ధైర్యం కూడా పోయింది.

"వీడియో చూసిన బిడ్డా," అన్నాడు గ్లోరియాతో. "పోరగాళ్లు మంచిగ చేసిన్రు. ఆ దొర ఏసం కట్టినోడెవడు? అచ్చం నా లెక్కనే నడిచిండు."

"అది మిమ్ములను పెట్టుకొని చేసింది కాదు సార్. అది ఇంగ్లండుల..."

"సార్ అంటున్నవేంది? చిన్నప్పుడు కాక కాక అని నా స్కూటరెక్కుదువు గదా."

గ్లోరియాకు కాక అన్న మాట నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు.

"నాకు తెల్వదా బిడ్డా. ఇంగ్లండోళ్లు ఎన్నడో సచ్చిన్రు. వాళ్లకు ఓట్ల ఫికర్ లేదు. నాకున్నది." చాయ్ అందుకున్నాడు. "తోమాసన్నా, నేను కోపం మీద రాలే. కిందికి రాసింది గూడ నేను గాదు. కానీ మార్పియ్యగలుగుత. రెండున్నరకు గేట్ మీటింగున్నది. నువ్వొచ్చి ఒక్క ముక్క చెప్తే సాలు. అది నాటకంల మాట, మా బిడ్డ రాసిచ్చింది, నేను చదివిన, అంతే. నీ కిటికీ నీకుంటది. సదయ్యది గూడ సూస్త."

తోమాసు గొంతు సవరించుకున్నాడు. నాలుగు మాటలు వరుసగా మాట్లాడాలన్నా ఆయన ముందు ఊపిరి కూడదీసుకోవాలి.

"ఆగన్నా, నా ఓటు నీకే. కాదన్ననా ఎప్పుడన్న? నువ్వు నా పానం నిలబెట్టినవ్. అది నేను మరువ."

"అగో, అట్లను."

"కానీ అది నాటకంల మాట గాదన్నా."

ఆగయ్య చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు తిరగేసి చూసి, నేల మీద మెల్లగా పెట్టాడు.

"పోయిన ఎండాకాలం నిన్ను స్ట్రెచర్ మీద తెస్తుంటె నేను గూడ ఉన్న గేటు కాడ. యాదున్నదా? నీ కండ్లు తెల్లగ తేలేసినయి. మా సుసన్నక్క రోడ్డు మీద పొర్లి ఏడ్సింది." లేచాడు. "నువ్వు రాలేకపోతె ఇంట్ల ఎవరన్న రాండ్రి. టీచరమ్మ చెప్పినా సరే. ఆ దేశంల ఓటు దాచుకునే సౌలత్ లేకుండె అని చెప్పినవట గదా బిడ్డా పోరగాళ్లకు? మనకున్నది. డబ్బల ఏస్తం, ఎవ్వడు సూడడు. నోరు దాచుకునుడే మనోళ్లకు ఇంకా రాలే."

చెప్పులు తొడుక్కుని, చాయ్ మంచిగున్నదక్కా అని మెచ్చుకుని మరీ పోయాడు.

సుసన్న గోడకు ఆనుకుని కిందికి జారింది.

"చెప్పయ్యా. నీ కాళ్లు మొక్కుత. ఒక్క ముక్కనే గదా. దేవుడు తెల్సుకోడా? పేతురు మూడుసార్లు ప్రభువును ఎరగనన్నడు, దేవుడు ఇడిసిపెట్టిండా?"

"పేతురు ఏడ్సిండు సుసన్నా."

"మనం గూడ ఏడుద్దం! ఇద్దరం కలిసి ఏడుద్దం. బతికుండి ఏడుద్దం!"

తోమాసు భార్య వైపు చూశాడు. ఆయన కళ్లలో మొండితనం లేదు. భయమే ఉంది. భార్యకు ఎంత ఉందో అంత ఆయనకూ ఉంది. చీకట్లో ఊపిరి అందక కూర్చున్నది ఆయనే గదా.

"చెయ్యి పెట్టినంక నాకు నోరు రాలే సుసన్నా. మళ్ల ఇప్పుడొస్తదా?"

ఇక సుసన్న కూతురి వైపు తిరిగింది. ఆ చూపు గ్లోరియాకు ముందే తెలుసు. టీచరమ్మ చెప్పినా సరే అని ఆగయ్య అన్నప్పటి నుంచీ దాని కోసమే చూస్తోంది.

"నువ్వు చెప్పు. నువ్వైతె ప్రమాణం చెయ్యలే గదా. నేనే రాసిచ్చిన అను. ఒక్కసారి అను బిడ్డా."

"వద్దు," అన్నాడు తోమాసు.

"నువ్వూకో! ఆమె తెచ్చింది పుస్తకం, ఆమెనే సరిచెయ్యాలె."

గ్లోరియా వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. పొద్దుటి నుంచి ఆయన విప్పని బూట్ల తాళ్లు తనే విప్పింది. కాసేపటికి మళ్లీ కట్టుకునేవే. అయినా విప్పింది.

"ఆ రొట్టెలు కాల్చేటాయన ఉన్నడు గదా," తోమాసు మెల్లగా అడిగాడు. "నాకిచ్చిన ఏసం. దొరకు ఎదురు ఓటేస్తె ఏంజేసేటోళ్లు ఆయనను?"

"ఇల్లు ఖాళీ చేపిచ్చేటోళ్లు నాయినా. దొర ఇంట్లనే గదా కిరాయికుండేది. ఒక ఊర్ల ఒక డ్యూకు గట్లనే మస్తుమందిని ఎళ్లగొట్టిండు. ఎందుకని అడిగితె, నా సొమ్ము నా ఇష్టమన్నడు."

"ఎళ్లగొట్టినంక?"

"నాలుగేండ్లల్ల చట్టం మారింది. ఓట్లు ఎక్కువమందికిచ్చిన్రు. కానీ నోటితోని చెప్పేది మాత్రం ఇంకో నలభై ఏండ్లు పోలే."

"చట్టం గాదు బిడ్డా. ఆ ఎళ్లగొట్టినోళ్లు ఏమైన్రు?"

గ్లోరియా ఆలోచించింది. ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ ఇళ్లు ఖాళీ చేసినవాళ్ల పిల్లలు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారో ఆమె చదివిన పుస్తకాల్లో లేదు. ఇన్నేళ్లు పాఠం చెప్పి, ఆ మాట తనకు తోచలేదు కూడా.

"తెల్వదు నాయినా."

తోమాసు తలూపాడు. అడిగినందుకు తనే నొచ్చుకున్నట్లు ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కింద గ్లోరియా ఒక నిర్ణయానికి వచ్చింది. రెండు వందల ఏళ్ల కిందటి రొట్టెలవాడు ఏమయ్యాడో తెలియకపోతే పోనీ, ఈ మనిషికి ఏమీ కాకూడదు.

మధ్యాహ్నం బాయి గేటు దగ్గర ఎండ మండుతోంది. షిఫ్టుకు వచ్చిన వాళ్లంతా చెట్టు నీడలో కొందరు, షెడ్డు కింద కొందరు నిలబడ్డారు. గ్లోరియా రావడం చూసి జరిగి దారిచ్చారు. ఎవరూ పలకరించలేదు. నిన్న ఇదే మనుషులు నాటకం చూసి చప్పట్లు కొట్టారు.

తోమాసు నేరుగా పోయి లాంప్ రూము కిటికీ ముందు వరుసలో నిలబడ్డాడు. నిన్నటి దాకా ఆయన ఆ కిటికీకి అటువైపు.

సదయ్య ఆమె పక్కకు వచ్చాడు. నడుము మీద చెయ్యి ఆనించుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, మా ఓదమ్మ ఏమన్న అంటె మనసుల పెట్టుకోకు. అది భయం మీదున్నది. నేను రాత్రి ఆ వీడియో నాలుగుసార్లు సూసిన. సిగ్గనిపిచ్చింది. నేను గూడ గట్లనే గదా స్టోరుకు పోయింది."

"కాకా..."

"నిన్ను అడుగుతరు. కాదు, మా నాయిన మాట నిజమే అని నువ్వను. నీ ఎనుకనే నేను లేస్త. నాతోని ఇంకిద్దరు లేస్తరు. ఒక్కడుంటె తొక్కుతరు గాని అందర్ని తొక్కుతరా?"

గ్లోరియా అవునని గాని కాదని గాని అనకముందే మైకులో ఆమె పేరు పిలిచారు.

రెండు బల్లలు చేర్చి వేశారు మీటింగుకు. ఎక్కగానే కాళ్ల కింద కిర్రుమన్నాయి. నిన్న మైదానంలో తను వేయించిన అరుగు కూడా ఇంతే ఎత్తు ఉంటుంది. ఎదురుగా గుర్రం లేదు, అంతే తేడా. తెల్లచొక్కా వేసుకుని ఆగయ్య చేతులు కట్టుకుని వింటున్నాడు. ఓటరు ఇలా నిలబడేవాడని పిల్లలకు చెప్పింది. అక్కడి నుంచి వినేవాళ్ల మొహాలు ఇంత దగ్గరగా కనిపిస్తాయని చెప్పలేదు. ఆమెకే తెలియదు.

"ఉపన్యాసాలొద్దు బిడ్డా, షిఫ్టు టైమైతున్నది," అన్నాడు ఆగయ్య నవ్వుతూ. "నిన్న మీ నాయిన చెప్పిన మాట నువ్వు రాసిచ్చిందేనా? అవునా, కాదా? అందరికి ఇనపడాలె."

గ్లోరియా సదయ్యను చూసింది. తువ్వాలు భుజం మీది నుంచి తీసి చేతికి చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆయన పక్కన ఇంకో ఇద్దరు. తర్వాత తండ్రి వైపు చూసింది. వరుసలో ఇద్దరి వెనుక ఉన్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ఇంటి నుంచి గేటు దాకా నడిచినందుకే ఆ వీపు పైకి కిందికి ఆడుతోంది.

ఆ వీపు చూశాక ఆమెకు ఇంకేమీ కనిపించలేదు.

"అవును."

"గట్టిగ బిడ్డా."

"అవును. నేనే రాసిచ్చిన. మా నాయిన చదివిండంతే."

చప్పట్లు కొట్టారు. కొందరు నిజంగా ఊపిరి పీల్చుకుని కొట్టారు. సదయ్య తువ్వాలును చేతి నుంచి విప్పి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. పక్కనున్న ఇద్దరూ మెల్లగా గుంపులోకి జరిగిపోయారు.

"ఇన్నరు గదా! మా తోమాసన్న దేవుని మనిషి, అబద్ధమాడతడా?" ఆగయ్య గొంతు మైకులో ఖంగుమంది. "అన్నా తోమాసన్నా! వరుసల ఎందుకే నువ్వు? ఆఫీసర్ తోని మాట్లాడిన. పో, నీ జాగల కూసో."

తోమాసు అప్పటికే దీపం తీసుకున్నాడు. బ్యాటరీ నడుముకు కట్టుకుంటున్నాడు. తల తిప్పి చూశాడు.

"వద్దన్నా."

"వద్దేంది?"

"మస్టర్ బుక్కుల నా పేరు కిందికి పడ్డది. కిందికే పోత."

"పాగల్ అయినవా? నీ బిడ్డ వచ్చి అంత మందిల చెప్పింది నీ కోసమేనాయె!"

"గందుకే," అన్నాడు తోమాసు. రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. "నా బిడ్డతోని అబద్ధమాడిపిచ్చిన కొలువు. నాకొద్దు."

ఆ మాట మైకులో రాలేదు. దగ్గరున్న నలుగురు వినుంటారు. వాళ్లు కూడా విననట్లే ఉన్నారు.

గ్లోరియా బల్ల మీది నుంచి దూకి పరుగెత్తింది. తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు, తిట్టలేదు. తిడితే ఆ చెయ్యి వదిలేదే కాదు.

"ఎండల నిలబడకు బిడ్డా. ఇంటికి పో. అమ్మ ఒక్కతే ఉన్నది."

చెయ్యి మెల్లగా విడిపించుకుని ఇంక్లైన్ వైపు నడిచాడు. ఎప్పటిలా తొందర లేని నడక. దిగడానికి ఆయనకు ఏ ఇబ్బందీ లేదు.

"కాకా!" గ్లోరియా సదయ్యకు అడ్డం పోయింది. "ఆపు కాకా. నువ్వు చెప్తె ఇంటడు. నీ మాట ఇంటడు."

సదయ్య దీపం టోపీకి తగిలించుకున్నాడు. ఆమె మొహం చూడలేదు.

"నా పేరు గూడ కిందికే ఉన్నది బిడ్డా. ఆయన ఎనుకనే నడుస్త. పడితె పట్టుకుంట." ఒక అడుగు వేసి ఆగాడు. "పోయినసారి నా నడుం మంచిగుండె. మోసిన. ఇప్పుడు మొయ్యలేను."

షిఫ్టు సైరన్ కూసింది. ఆగయ్య మనుషులు బల్లలు ఎత్తి ఆటోలో వేసుకుంటున్నారు. ఇంకో బాయి దగ్గర మీటింగు ఉందట.

గ్లోరియా చేతిలో ఫోను మోగుతోంది. ఎప్పటి నుంచి మోగుతోందో.

"ఏమైంది బిడ్డా?" సుసన్న గొంతు. "చెప్పినవా?"

"చెప్పినమ్మా."

"లాంప్ రూమిచ్చిన్రా?"

"ఇచ్చిన్రు."

అటువైపు నుంచి ఏడుపు వినిపించింది. పొద్దుటి నుంచి పట్టి ఉంచుకున్న ఏడుపు. స్తోత్రం ప్రభువా, స్తోత్రం ప్రభువా అంటూ ఏడుస్తోంది. మధ్యలో నవ్వుతోంది కూడా.

"ఒక్కసారి నాయినకియ్యి బిడ్డా. కిటికీ కాడనే ఉంటడు గదా. ఒక్క మాట ఇంటె నా పానం కుదుటపడ్తది. ఇయ్యి, జల్ది ఇయ్యి."

గ్లోరియా ఇంక్లైన్ వైపు చూసింది. దిగేవాళ్ల దీపాలు ఒక్కొక్కటే లోపలికి పోయి చిన్నవైపోతున్నాయి. వాటిలో తండ్రిది ఏదో ఆమె పోల్చుకోలేకపోయింది.

"గ్లోరియా? ఇచ్చినవా?"